అరవై నిమిషాల్లో నలభై మూడు నేనే మాట్లాడాను

నిన్న సాయంత్రంతో నా ట్రైనింగ్ క్లాసులు అయిపోయాయి. ఇంగ్లిష్ టీచర్ కోర్సులో భాగంగా పరిశీలకురాలి ముందు ఎనిమిది పాఠాలు చెప్పాలి. నాలుగు టీనేజి పిల్లలకి, నాలుగు పెద్దవాళ్ళకి. ఎనిమిదోది కూడా పాసయ్యాను. ఆ వేడి ఇంకా చల్లారకముందే రాసేస్తున్నాను.

కోర్సులో చేరడానికి పెట్టే అప్లికేషన్, రాతపరీక్ష, ఇంటర్వ్యూ పెద్ద విషయాలేం కాదు. గ్రామర్ బాగా వచ్చినవాళ్ళు గట్టెక్కేస్తారు. మొదటి రెండు పాఠాలూ ఫర్వాలేదనిపించాయి. నన్ను కుదిపేసింది మూడోది.

పన్నెండు మంది పెద్దవాళ్ళు, బీ1 స్థాయి (అంటే ఓ మాదిరిగా ఇంగ్లిష్ వచ్చినవాళ్ళు), గంట క్లాసు. పాఠం ప్రెజెంట్ పర్ఫెక్ట్, అందులో ఫర్ (ఎంతకాలంగా), సిన్స్ (ఎప్పటినుంచి) వాడకం. రెండు రాత్రులు కూర్చుని ఇరవై నాలుగు స్లైడ్లు చేశాను. రంగురంగుల టైమ్ లైన్లు గీశాను. ప్రతి స్లైడు తర్వాత "అర్థమైందా?" అని అడిగాను. అందరూ తలూపారు. క్లాసు చక్కగా సాగుతోందనే అనుకున్నాను.

నలభై నిమిషాలు దాటాక ముందు వరసలో ఉన్న ఒక పెద్దాయన్ని సొంతంగా ఒక వాక్యం చెప్పమన్నాను. "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అన్నారు. "ఐ హావ్ లివ్డ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్" అనాలి. నేను వెంటనే నాలుగో స్లైడుకి వెనక్కి వెళ్ళి రూల్ మళ్ళీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాను. ఆయన నోట్‌బుక్ మూసి, చాలా మర్యాదగానే అన్నారు: "మేడమ్, ఈ రూల్ స్కూల్లో ఉన్నప్పుడే విన్నాను. పరీక్షలో రాశాను కూడా. నాకు రానిది నోరు తెరవడం. మనం మాట్లాడేది ఎప్పుడు?"

నా దగ్గర జవాబు లేదు. వెనక బెంచీలో పరిశీలకురాలు ఏదో రాసుకుంటున్నారు. మిగిలిన నిమిషాలు ఎలా గడిపానో నాకే గుర్తులేదు.

తర్వాత మిగతా ట్రైనీల ముందే ఆవిడ లెక్క చదివారు. టీచర్ మాట్లాడింది నలభై మూడు నిమిషాలు, పన్నెండు మందీ కలిపి తొమ్మిది, నిశ్శబ్దం ఎనిమిది. చెంపలు వేడెక్కిపోయాయి. ఆ తర్వాత నా ప్లాన్‌లో 'లక్ష్యం' అన్న గడి మీద వేలు పెట్టారు. 'ప్రెజెంట్ పర్ఫెక్ట్ వివరించడం' అని రాశాను. "ఇది మీరు చేసే పని. వాళ్ళు చేసే పని ఎక్కడ?" అని అడిగారు. మనం రోజూ పలికే ఏ1 నుంచి సీ2 దాకా ఆరు స్థాయులూ 2001లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ వాళ్ళు ప్రచురించిన భాషా స్థాయుల ఫ్రేమ్‌వర్క్‌లోవి. అందులో ప్రతి మెట్టునీ వర్ణించింది నేర్చుకునేవాడు ఏం చేయగలడు అన్నదాన్ని బట్టే. స్థాయి పేరు రాసుకున్నాను గాని దాని అర్థం పట్టించుకోలేదు.

ట్రైనింగ్ ఆఫీసు మీద నాకు కోపం ఉంది, దాచుకోను. ఏడు పేజీల ప్లాన్ ఫారం చేతికిచ్చి, ఏ గడి ఎందుకుందో ఎవరూ చెప్పలేదు. 'ఎదురుకాగల ఇబ్బందులు' అన్నచోట నేను ప్రొజెక్టర్ పనిచేయకపోవచ్చని రాశాను. అక్కడ రాయాల్సింది ఆ పెద్దాయన వాక్యం. తెలుగులో మనం "ఐదేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను" అంటాం. 'ఉంటున్నాను' నేరుగా 'యామ్ లివింగ్' అయిపోతుంది. ఈ తప్పు వస్తుందని తెలుగువాళ్ళకి పాఠం చెప్పే నేను ముందే ఊహించి ఉండాలి.

వారం తర్వాత అదే బృందానికి అదే పాఠం మళ్ళీ చెప్పాను. ఈసారి స్లైడ్లు మూడే. ఎన్.ఎస్. ప్రభు అనే ఇంగ్లిష్ బోధన నిపుణుడు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు ప్రాజెక్టు అనే బోధనా ప్రయోగంలో గ్రామర్ పాఠాలు పక్కనపెట్టి, టైమ్ టేబుళ్ళు, మ్యాపులు ఇచ్చి పిల్లలచేత లెక్కలు తేల్చే పనులు చేయించారని చదివాను. నేను ఉద్యోగ దరఖాస్తులు తీసుకున్నాను. ముగ్గురు అభ్యర్థులు. జంటలో ఒకరి కాగితంలో ఆ అభ్యర్థులు ఎక్కడ పనిచేస్తున్నారో ఉంటుంది, రెండోవాళ్ళ కాగితంలో ఏ సంవత్సరం నుంచో ఉంటుంది. కాగితాలు చూపించుకోకూడదు. ఐదేళ్ళ అనుభవం తప్పనిసరి, ఎవరిని తీసుకోవాలో జంటగా తేల్చాలి. "హౌ లాంగ్ హాజ్ షీ వర్క్‌డ్ దేర్?" అని అడగకుండా పని జరగదు.

"అర్థమైందా?" అన్న ప్రశ్న పూర్తిగా మానేశాను. దానికి ఎవరైనా అవుననే అంటారు. నలుగురిలో కాదని చెప్పడం పెద్దవాళ్ళకి నామోషీ. బదులుగా రెండు వాక్యాలు బోర్డు మీద రాశాను: "హీ వర్క్‌డ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్", "హీ హాజ్ వర్క్‌డ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్". "ఇద్దరిలో ఇప్పటికీ ఇక్కడే ఉన్నదెవరు?" అని అడిగాను. రెండో వాక్యంలోని ఆయన. ఎవరికి తెలిసిందో, ఎవరికి తెలియలేదో జవాబులోనే బయటపడింది. మాట్లాడుతున్నప్పుడు ఎవరినీ ఆపలేదు. విన్న తప్పులు కాగితం మీద రాసుకుని, చివరి ఐదు నిమిషాల్లో పేర్లు లేకుండా బోర్డు మీద పెట్టి వాళ్ళచేతే దిద్దించాను. ఆ పెద్దాయన తన పక్కావిడతో ఒక అభ్యర్థి గురించి గట్టిగా వాదించారు, ఇంగ్లిష్‌లోనే.

టీనేజి పిల్లల విషయం వేరు. లేపి నిలబెట్టి అడిగితే వచ్చిన మాట కూడా మింగేస్తారు. ముందు రెండు నిమిషాలు ఒంటరిగా రాసుకోనివ్వండి, తర్వాత పక్కవాళ్ళతో చెప్పుకోనివ్వండి, ఆ తర్వాతే క్లాసులో అడగండి. నాకైతే ప్రతిసారీ పనిచేసింది. గంటలు మోగే క్విజ్ ఆటలతోనే క్లాసు ఆసక్తిగా ఉంటుందని చెప్పేవాళ్ళ మాట నేను నమ్మను. రోజంతా పనిచేసి అలసిపోయి వచ్చినవాళ్ళకి చప్పట్లు కొట్టే ఆట పెట్టడం వాళ్ళని చిన్నబుచ్చడమే. వాళ్ళు సమయం, గౌరవం రెండూ పెట్టుబడిగా పెట్టి మన ముందు కూర్చుంటారు.

నిన్నటి పాఠానికి నా ప్లాన్ ఒకటిన్నర పేజీ. ప్రతి దశ పక్కన నేనేం చేస్తానో కాదు, ఎవరు ఎవరితో ఎన్ని నిమిషాలు మాట్లాడతారో రాశాను. పరిశీలకురాలి లెక్కలో నా మాటలు పద్నాలుగు నిమిషాలు. ఫారం ఏడు పేజీలూ నింపలేదని ఆఫీసు వెనక్కి పంపింది. రేపు పొద్దున్నే మిగతా గళ్ళు నింపి ఇచ్చేసి వస్తాను.