గండికోట మ్యాపులో మార్కర్ల గుంపు: నా అనుభవం

కడపలో జియోక్యాచింగ్ ఆడేవాళ్లం తక్కువమందిమే. కొందరం ఉద్యోగాలు చేసుకునేవాళ్లం, కొందరు ఇంజినీరింగ్ పిల్లలు, జమ్మలమడుగు నుంచి ఒక మాస్టారు. తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. ఎవరో ఒకరు చిన్న డబ్బా ఎక్కడో దాచి దాని అక్షాంశ రేఖాంశాలు ఇస్తారు, మనం ఫోన్‌లో జీపీఎస్ చూసుకుంటూ వెతుక్కుంటూ పోయి, లోపలున్న చీటీలో పేరు రాసి, డబ్బాని మళ్లీ ఉన్నచోటే పెట్టి రావాలి. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సిగ్నల్లో కావాలని కలిపే తేడాని ఆపేసింది, అది ఆపిన ఒకట్రెండు రోజులకే, మే 3న, ఆరెగాన్‌లో డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక బకెట్ దాచిపెట్టి దాని కోఆర్డినేట్లు అందరికీ చెప్పాడు. ఆట అక్కడ మొదలైంది. మేం మా డబ్బాలు మేమే పెట్టుకుని, మా మ్యాపు మేమే చేసుకున్నాం. ఆ మ్యాపు పని నా మీద పడింది, దాని గురించే రాస్తున్నా.

మాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు గండికోట. కోట, పెన్నా లోయ అంచు, రాయల చెరువు వైపు, బయట రోడ్డు పక్క గుట్టలు, అన్నీ నడిచే దూరంలోనే ఉంటాయి. కోటలోని పాత కట్టడాల్లో, గుడిలో, మసీదులో డబ్బా పెట్టకూడదన్నది మొదటినుంచీ మా కట్టుబాటు, ఒక్క రాయి కూడా కదపం. అక్కడ పెట్టేవి డబ్బా లేని పాయింట్లు: పోయి చూసి, అడిగిన ప్రశ్నకి జవాబు తేవాలి. ఎర్త్‌క్యాచ్ అనే రకం కూడా ఇలాంటిదే, అందులో డబ్బా ఉండదు, రాయినీ నేలనీ చూసి అర్థం చేసుకోవడమే పని. లోయ గోడల్లో పొరలు పొరలుగా కనబడే రాయికి భూగర్భ శాస్త్రవేత్తలు గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరే పెట్టారంటే, ఇలాంటి పాయింట్‌కి ఇంతకంటే మంచి చోటు మా జిల్లాలో ఇంకేముంటుంది! దాంతో డబ్బాలు, ప్రశ్నలు, బండి పెట్టుకునే చోటు, తాగేనీళ్లు దొరికే చోటు అన్నీ కలిపి వందకు పైగా మార్కర్లు (మ్యాపు మీద చోటుని చూపే గుర్తులు) చేరాయి. జిల్లా అంతా కనబడేలా మ్యాపు తెరిస్తే గండికోట దగ్గర నీలం పిన్నులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుని, వేలు పెడితే ఏది తెరుచుకుంటుందో ఎవరికీ తెలియని పరిస్థితి.

దగ్గరదగ్గర మార్కర్లని ఒకే గుర్తుగా గుంపు కట్టించాలనుకున్నాను, దానికి ముందు కోఆర్డినేట్ల లెక్కలు శుభ్రం చేయాల్సి వచ్చింది. జియోక్యాచింగ్‌లో కోఆర్డినేట్లని డిగ్రీలు, దశాంశ నిమిషాల్లో రాస్తారు, అంటే ఉత్తరం 14 డిగ్రీల 48.600 నిమిషాలు అన్నట్టు. మ్యాపుకి ఇచ్చేటప్పుడు ఆ 48.6ని 60తో భాగించాలి, 14.81 వస్తుంది. భాగించకుండా 14.486 అని, రేఖాంశాన్నీ అదే పద్ధతిలో రాసేస్తే గండికోట పాయింటు పోయి పులివెందుల చుట్టుపక్కల పడుతుంది. ఇంకొకటి, పాయింట్లని దాచుకునే జియోజేసన్ ఫైళ్లలో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత ఉంటుంది, వెబ్‌పేజీలో మ్యాపు చూపించడానికి నేను వాడిన లీఫ్‌లెట్ అనే కోడ్ లైబ్రరీకి అక్షాంశమే ముందు ఇవ్వాలి. మనది 14, 78 కదా, అవి తారుమారైతే 78 డిగ్రీల ఉత్తరం, 14 డిగ్రీల తూర్పు అవుతుంది, అక్కడున్నవి నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవులు. మన రాయలసీమ పాయింట్లు ఏవైనా మంచు సముద్రంలో తేలుతున్నాయంటే కారణం ఇదేనని చూడగానే తెలిసిపోతుంది, వెతుక్కోనక్కర్లేదు.

లీఫ్‌లెట్‌కి మార్కర్‌క్లస్టర్ అని ఒక ప్లగిన్, అంటే అదనంగా తగిలించుకునే కోడ్, ఉంది. స్క్రీన్ మీద దగ్గరగా పడే మార్కర్లని ఒక గుండ్రటి గుర్తుగా కలిపి, లోపల ఎన్ని ఉన్నాయో అంకె వేస్తుంది. జూమ్ చేసేకొద్దీ గుంపు విడిపోతుంది. పెట్టడం పది నిమిషాల పని, కానీ మనకి సరిపోయేలా చేసుకోవడంలోనే ఉంది అసలు కష్టం. ఆ దగ్గర అనేదాన్ని అది మీటర్లలో కొలవదు, పిక్సెళ్లలో కొలుస్తుంది, మనం ఏమీ చెప్పకపోతే 80 పిక్సెళ్లు తీసుకుంటుంది. ఆటలో రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్లు, అంటే మైలులో పదోవంతు ఉండాలన్న నియమం ఉంది, మేమూ అదే పాటిస్తాం. జూమ్ మెట్లకి అంకెలుంటాయి, అంకె పెరిగేకొద్దీ మ్యాపు దగ్గరగా కనబడుతుంది. మన అక్షాంశం దగ్గర జూమ్ 16లో ఒక పిక్సెల్ అంటే సుమారు 2.3 మీటర్లు. 161 మీటర్లంటే 70 పిక్సెళ్లు. అంటే డబ్బాలు రెండూ స్క్రీన్ మీద చక్కగా విడివిడిగా పట్టేంత చోటున్నా, 80 అనే లెక్క వల్ల అవి ఇంకా గుంపులోనే ఉండిపోతాయి. ఎండలో ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఇంకోసారి, ఇంకోసారి జూమ్ చేయాలంటే ఎవరికైనా చిరాకే.

దీనికి అందరూ చెప్పే మందు, ఫలానా జూమ్ దాటాక గుంపులే వద్దని ఆపేయడం. దానికి సెట్టింగ్ ఉంది. కానీ మాకు పార్కింగ్ దగ్గర చిక్కు వచ్చింది. కొన్ని ఆటలు అంచెలంచెలుగా ఉంటాయి, వాటన్నిటికీ మొదటి అంచె ఆ పార్కింగ్ దగ్గరే, అంటే ఒకే కోఆర్డినేట్ల మీద రెండు మూడు మార్కర్లు. మామూలుగా అయితే గరిష్ఠ జూమ్‌లో అలాంటి గుంపుని తాకితే ప్లగిన్ వాటిని సాలీడు కాళ్లలా చుట్టూ విప్పి చూపిస్తుంది. గుంపులే ఆపేస్తే ఆ విప్పడమూ ఉండదు, పై మార్కర్ కింద మిగతావి శాశ్వతంగా దాగిపోతాయి. కాబట్టి ఆపలేదు. 80 అనే ఒకే అంకె బదులు జూమ్‌ని బట్టి మారే ఫంక్షన్ ఇవ్వొచ్చు, అదే ఇచ్చాను: జూమ్ 13 వరకు 80, 14 నుంచి 16 వరకు 40, ఆ పైన 20. ఇప్పుడు 16కి రాగానే డబ్బాలు విడిపోతాయి, ఒకే చోట ఉన్నవి మాత్రం గుంపుగానే ఉండి తాకితే విచ్చుకుంటాయి. ఎవరైనా ఇలాంటి మ్యాపు చేస్తుంటే నా సలహా ఇదే, గుంపులు ఆపొద్దు, చిన్నవి చేయండి.

అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం లోయ. మాతో ఆడే ఒక కుర్రాడు, బీటెక్ రెండో ఏడాది, కోట వైపు అంచు దగ్గర నిలబడి ఫోన్ నాకు చూపిస్తూ, "అన్నా, ఈ 5 అని ఉండేది నీళ్లలో ఉండాది కదా, పడవ మీద పోవాల్నా?" అన్నాడు. చూస్తే నిజమే, ఆ గుండ్రటి గుర్తు సరిగ్గా పెన్నా మధ్యలో ఉంది. కోట వైపు మూడు పాయింట్లు, అవతలి ఒడ్డున రెండు. ప్లగిన్ గుంపులోని మార్కర్లన్నిటి సగటు తీసి ఆ చోట గుర్తు పెడుతుంది, రెండు ఒడ్ల సగటు నదిలో కాక ఇంకెక్కడ పడుతుంది. పిల్లవాడు తెలివైనవాడు కాబట్టి అడిగాడు. తెలియనివాడు ఎవరైనా ఆ గుర్తునే నమ్ముకుని, ఫోన్‌లో తల పెట్టి నాలుగడుగులు ముందుకేస్తే? గండికోటలో అంచుకి కంచె లేని చోట్లు చాలా ఉన్నాయి, ఆ మాట తలుచుకుంటేనే నాకు టెన్షన్ వచ్చింది. ఆ సాయంత్రం కడపకి వచ్చేదాకా బండి మీద ఇదే ఆలోచన.

అసలు పిక్సెళ్ల దృష్టిలో రెండు ఒడ్లూ పక్కపక్కనే. మనిషికి మాత్రం ఇవతలి అంచు నుంచి అవతలి అంచుకి పోవాలంటే కిందికి దిగి నీళ్లు దాటలేడు కాబట్టి రోడ్డు పట్టుకుని చుట్టూ తిరిగి పోవాల్సిందే. అది మ్యాపు లైబ్రరీకి ఎట్లా తెలుస్తుంది, మనమే చెప్పాలి. ప్రతి పాయింటుకీ ఒడ్డు అని ఒక కాలమ్ చేర్చి, కోట వైపా, అవతలా అని రాశాను. ఒక్కో ఒడ్డుకీ ఒక్కో క్లస్టర్ గ్రూపు. వేర్వేరు గ్రూపుల్లో ఉన్నవి ఒకదాంతో ఒకటి ఎప్పుడూ కలవవు. అయితే దీనికీ ఒక ఇబ్బంది ఉంది: జిల్లా అంతా చూస్తున్నప్పుడు రెండు గ్రూపుల గుర్తులు ఒకదాని మీద ఒకటి పడి మళ్లీ మొదటికే వస్తుంది, ఎందుకంటే ఒక గ్రూపు సంగతి ఇంకో గ్రూపుకి తెలియదు. అందుకని జూమ్ 12 వరకు అన్నీ కలిపిన ఒకే గ్రూపు, 13 నుంచి ఒడ్లవారీ గ్రూపులు, జూమ్ మారినప్పుడల్లా ఒకటి తీసి ఒకటి పెట్టేలా రాశాను. దూరం నుంచి చూసేవాడికి అంకె నదిలో ఉన్నా ఫర్వాలేదు, వాడింకా కడపలోనే ఉంటాడు. దగ్గరికి వచ్చినవాడికి మాత్రం అంకె వాడు నిలబడిన ఒడ్డు మీదే ఉండాలి. పైగా 13 దాటాక గుర్తుని సగటు చోట కాకుండా ఆ సగటుకి అతి దగ్గరగా ఉన్న నిజమైన మార్కర్ మీదికి జరిపాను, లోయ అంచు వంపు తిరిగే చోట ఒకే ఒడ్డు పాయింట్ల సగటు కూడా గాలిలో పడుతుంది కాబట్టి.

తర్వాత అంకె సంగతి. ప్లగిన్ మొత్తం ఎన్నున్నాయో చెప్తుంది, ఆడేవాడికి కావాల్సింది ఇంకా ఎన్ని మిగిలాయో. 12 అని చూసి అంత దూరం పోతే వాటిలో 11 తనకి ముందే దొరికినవైతే ఏం లాభం! ఐకాన్ తయారుచేసే ఫంక్షన్‌లో గుంపులోని మార్కర్లన్నీ అడిగి తీసుకోవచ్చు, వాటిలో దొరకనివి లెక్కపెట్టి ఆ అంకె పెద్దగా, మొత్తం దాని కింద చిన్నగా వేశాను. ఎవరికేది దొరికిందో వాళ్ల ఫోన్‌లోనే ఉంటుంది. ఒకటి దొరికిందని నొక్కాక గుంపు గుర్తుని మళ్లీ గీయమని విడిగా చెప్పాలి, లేకపోతే పాత అంకే ఉండిపోతుంది. రంగులూ మార్చాను. ప్లగిన్‌లో పది లోపు ఆకుపచ్చ, వంద లోపు పసుపు, ఆపైన నారింజ. జియోక్యాచింగ్ అలవాటున్నవాళ్లకి ఆకుపచ్చ అంటే మామూలు డబ్బా, పసుపు నవ్వు ముఖం అంటే దొరికింది అని అర్థం. అందుకే నేను ముదురు నీలం మీద తెల్ల అంకె పెట్టాను, మధ్యాహ్నం ఎండలో అది బాగా కనబడుతుంది. సైజు కూడా 40 పిక్సెళ్ల నుంచి 48కి పెంచాను, మాస్టారి వేలికి కూడా ఒక్కసారికే తగిలేలా.

బరువు ఎంత మోస్తుందో చూద్దామని పదివేల ఉత్తుత్తి పాయింట్లు కోడ్‌తో పుట్టించి పాత ఫోన్‌లో తెరిచాను. గుంపులు లేకుండా అయితే స్క్రీన్ కదలనే లేదు, గుంపులతో హాయిగా జరిగింది, ఎందుకంటే కనబడే వాటినే పేజీలో ఉంచుతుంది. మ్యాపు చిత్రాలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌వి, పేరు కింద చూపించాలి, చూపించాం. వాళ్ల సర్వర్ నుంచి ఒక ప్రాంతం చిత్రాలన్నీ మూకుమ్మడిగా దించుకోవడానికి ఒప్పుకోరు, అది న్యాయమే, స్వచ్ఛందంగా నడిచే సంస్థ. కోట లోపల నెట్‌వర్క్ సరిగా అందని చోట్ల కోసం అవే పాయింట్లు జీపీఎక్స్ అనే, జీపీఎస్ పాయింట్లు ఉండే ఫైలుగా కూడా ఇస్తున్నాం, ఓఎస్ఎమ్‌ఆండ్ లాంటి ఆఫ్‌లైన్ యాప్‌లో తెరుచుకోవచ్చు.

ఇప్పుడు సిద్ధవటం పాయింట్లు చేరుస్తున్నాం. అక్కడ కోట పెన్నా ఒడ్డునే ఉంది, మా పాయింట్లు ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఉన్నాయి. ఒడ్డు కాలమ్ నింపకుండా ఎవరు పాయింటు పంపినా మ్యాపులోకి తీసుకోవడం లేదు.