కుక్క విగ్రహానికి ముందు అరిగేది ముక్కే

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో గ్రేఫ్రయర్స్ బాబీ అనే కుక్క విగ్రహం 1873 నాటిది. వందేళ్లకు పైగా దాని ముక్కు ఒంటితో పాటే నల్లగా ఉంది. ముట్టుకుంటే అదృష్టమన్న మాట ఈమధ్య పుట్టింది, దాంతో ముక్కు బంగారు రంగులో మెరవడం మొదలైంది. 2013లో మళ్లీ నలుపు వేయించారు, కొద్ది రోజులకే పోయింది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 1925 నుంచి బండమీద నిలబడి ఉన్న బాల్టో అనే మంచుబండి కుక్క విగ్రహం వీపు కూడా అలాగే నున్నబడింది. పిల్లలు ఎక్కి కూర్చునేది అక్కడే.

రాజుగారి విగ్రహాన్ని తలెత్తి చూసి వెళ్లిపోతారు. కుక్క విగ్రహం కనబడితే చెయ్యి దానంతటదే తలమీదికి పోతుంది. పార్కులో కుక్కకి స్మారకం కట్టేవాళ్లు ఆ చేతుల్ని ముందే లెక్కలో పెట్టుకోవాలి.

కూర్చున్న భంగిమ అన్నిటికన్నా గట్టిది. పిరుదులు, తోక నేలకి ఆనుతాయి కాబట్టి బరువు పంచుకుంటాయి. నిలబడ్డ కుక్కకైతే పాదాల పైన సన్నబడే చోటే పగులు వస్తుంది, వీపుమీద ఇద్దరు పిల్లలు ఊగితే ఆ బరువంతా అక్కడికే దిగుతుంది. ఆ కాళ్లలోపల స్టెయిన్‌లెస్ స్టీల్ రాడ్ ఉండాలి. మామూలు ఇనుము పెడితే కంచుకి తగిలి తడిలో త్వరగా తుప్పుపడుతుంది, ఉబ్బి పోతనే చీలుస్తుంది. గాల్లో నిలిపిన తోక విరుగుతుంది, దాన్ని తొడకి ఆనించి మలచడం మేలు. చెవి అంచుల్ని గుండ్రంగా తీయాలి, అవి పిల్లల మొహం ఎత్తులోనే ఉంటాయి. కాళ్ల మధ్య సందులు 90 నుంచి 230 మిల్లీమీటర్ల మధ్య ఉంటే చిన్నపిల్లల తల ఇరుక్కోవచ్చు. అంతకన్నా ఇరుకుగానో వెడల్పుగానో ఉంచాలి.

పోత గోడ మందం 5 మిల్లీమీటర్లు చాలు. కంచు చల్లారేటప్పుడు నూటికి రెండు పాళ్ల దాకా కుంచించుకుంటుంది కాబట్టి మట్టి నమూనాని ఆ మేరకు పెద్దదిగా చేస్తారు. పొట్ట అడుగున నీళ్లు కారిపోయే చిన్న రంధ్రం మరిచిపోతే లోపల చేరిన నీరు అతుకుల గుండా మరకలై బయటికొస్తుంది. అచ్చు మాత్రం దాచుకోండి. టోక్యోలో, చనిపోయిన యజమాని కోసం ఏళ్ల తరబడి స్టేషన్ దగ్గర ఎదురుచూసిన హచికో అనే కుక్క మొదటి విగ్రహాన్ని యుద్ధకాలంలో కరిగించేశారు. 1948లో ఆ శిల్పి కొడుకే మళ్లీ చేయాల్సి వచ్చింది.

కుక్క విగ్రహానికి మరో శత్రువు బతికున్న కుక్కే. వచ్చిన ప్రతి కుక్కా పీఠం మూలన కాలెత్తుతుంది. మూత్రంలోని ఉప్పు, దాన్నుంచి పుట్టే అమ్మోనియా కంచుని తింటాయి, నీలం కలిసిన పచ్చ చిలుము లేస్తుంది. అందుకే పాదాలు నేలకి కనీసం 40 సెంటీమీటర్ల ఎత్తున, గ్రానైట్ దిమ్మె మీద ఉండాలి. దిమ్మె చుట్టూ కంకర పోస్తే నీరు ఇంకుతుంది.

ఏడాదికి రెండుసార్లు మైనం పట్టించాలి. ముందు మంచినీళ్లు, ఘాటులేని సబ్బు, మెత్తటి బ్రష్‌తో కడగాలి. తీగ బ్రష్ వద్దు, ప్రెషర్ వాషర్ అసలే వద్దు. తడి పూర్తిగా ఆరాక, చెయ్యి పెడితే చురుక్కుమనేంత వరకు మంటతో వెచ్చబెట్టి, మైక్రోక్రిస్టలైన్ మైనాన్ని (పెట్రోలియం నుంచి తీసేది) పల్చగా పూసి, చల్లారాక గుడ్డతో రుద్దాలి. మందంగా పూస్తే తెల్లగా పాలిపోయి దుమ్ము పట్టుకుంటుంది. ముక్కు, వీపు మీద మూణ్ణెల్లకోసారి పూయాల్సిందే. అక్కడి రంగుపోతే మాత్రం పోనివ్వండి. ఆ మెరుపు ముద్దుల గుర్తు, దాన్ని దాచాలని చూడటం నాకు నచ్చదు.

ఫలకం మీద విశ్వాసం, ప్రేమ అని రాసి ఊరుకోకండి. ఏ కుక్క ఏం చేసిందో రాయండి. 1925లో అలాస్కాలోని నోమ్‌కి డిఫ్తీరియా మందు చేర్చిన మంచుబండి కుక్కల జట్ల పరుగు దాదాపు 1085 కిలోమీటర్లు. అందులో అన్నిటికన్నా పొడుగైన, ప్రమాదకరమైన దారి నడిచింది టోగో అనే కుక్క నాయకత్వంలోని జట్టు. చివరి విడత బాల్టోది కావడంతో పేరు దానికి వచ్చింది. ఇలాంటివి తేల్చుకున్నాకే అక్షరాలు చెక్కించాలి. ఫలకాన్ని కొంచెం వాలుగా, పిల్లలకి అందే ఎత్తున బిగించి, అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంచితే చూపులేనివాళ్లు కూడా వేళ్లతో చదువుకుంటారు.