ఇంజక్షను పది నిమిషాలు, మెట్టెలు ముప్పావుగంట

కుడికాలి చీలమండ కీలులోకి ఇంజక్షను వేయించుకుని ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. "కీలు లోపలికి సూది దించుతారంట, ఓర్చుకోగలవా?" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ నన్ను భయపెట్టినవాళ్ళే. సూది సంగతి తర్వాత రెండు ముక్కల్లో చెప్తాను, అందులో ఉన్నవి రెండు ముక్కలే. నన్ను ఏడిపించింది సూది కాదు, ఎంఆర్‌ఐ.

మాది తెనాలి. ఇరవై ఎనిమిదేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. రెండేళ్ళ కిందట కార్తీకంలో కోటప్పకొండ మెట్లు దిగుతుంటే పాదం లోపలికి మడతపడింది. చింతపండు, ఉప్పు ఉడికించి పట్టు వేశాను, క్రేప్ బ్యాండేజీ చుట్టాను, అందరూ చేసేదే. నెలకి వాపు తీసింది, నొప్పి మాత్రం ఉండిపోయింది. బయటి ఎముక ముందు చిన్న గుంట ఉంటుంది చూడండి, సరిగ్గా అక్కడ. మిషను తొక్కేటప్పుడు పాదం పైకి లేచిన ప్రతిసారీ లోపల ఏదో తలుపుసందులో పడి నలిగినట్టు ఉండేది. మోటారు పెట్టించుకోమని అందరూ సలహా. మోటారు పెట్టించినా దాన్ని నొక్కాల్సింది కాలితోనే కదండీ.

మొదట చూపించుకున్న డాక్టరు నా కాలు ముట్టుకోలేదు. కుర్చీలోంచి లేవకుండానే "బరువు తగ్గాలమ్మా" అన్నాడు. తగ్గాలి, కాదనను. కానీ కాలు చూసి ఆ మాట అంటే బాగుండేది. మూడు నెలలు నొప్పి మాత్రలు మింగితే కడుపులో మంట మొదలైంది, కాలు అలాగే ఉంది.

రెండో ఆయన గుంటూరు కొత్తపేటలో. పాదం పట్టుకుని పైకి వంచి, ఆ గుంటలో బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కాడు. నా అరుపు బయట టోకెన్లు పట్టుకుని కూర్చున్నవాళ్ళందరికీ వినపడింది. బెణికిన లిగమెంటు మానేటప్పుడు కీలు లోపల మెత్తటి కండలా దళసరిగా పెరుగుతుందంట. పాదం పైకి లేచినప్పుడల్లా అది ఎముకల మధ్య నలుగుతుందంట. రెండేళ్ళ తర్వాత నా నొప్పికి ఒక అర్థం దొరికింది. ముందు ఎంఆర్‌ఐ తీసి చూద్దాం, నేననుకున్నదే అయితే ఓపీ గదిలోనే అల్ట్రాసౌండ్ స్కాన్‌లో చూస్తూ స్టెరాయిడ్ ఇంజక్షను వేస్తాను, దానికీ లొంగకపోతే చిన్న రంధ్రాలు పెట్టి చేసే కీహోల్ ఆపరేషన్ అన్నాడు.

అక్కడే ఉన్న కౌన్సెలర్ అమ్మాయి మాత్రం పీఆర్‌పీ అని ఒకటే పోరు. మన రక్తమే తీసి, మిషన్లో గిర్రున తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న నీళ్ళు మళ్ళీ మన కీలులోకే సూదితో ఎక్కించడం. పన్నెండు వేలు. హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి బీఫార్మసీ చదివింది, దానికి ఫోన్ చేశాను. 2021లో నెదర్లాండ్స్ వాళ్ళు చీలమండ అరిగిపోయిన 100 మందిని తీసుకుని, కొందరికి పీఆర్‌పీ, మిగతావాళ్ళకి ఉత్త సెలైన్ కీలులోకి సూదితో ఎక్కించి ఆరునెలలు చూశారంట. తేడా ఏమీ తేలలేదంట. "నీది అరుగుదల కాదు కాబట్టి అది అచ్చంగా నీకు వర్తించదమ్మా, కానీ పన్నెండు వేలు పెట్టేముందు డాక్టర్నే అడుగు" అంది. అడిగితే ఆయన నవ్వి, "మీకు అవసరం లేదు" అన్నాడు. షాక్‌వేవ్ (మిషనుతో పైనుంచి తరంగాలు పంపే వైద్యం) కూడా మడమ వెనక నరం, అంటే పిక్క కండని మడమకి కట్టిపట్టే తాడులాంటిది, పట్టేసినవాళ్ళకి గానీ నాకు కాదన్నాడు. అందుకని చెప్తున్నా, కౌన్సెలర్ చెప్పినదాన్ని డాక్టర్ని ఒకసారి అడిగి చూసుకోండి. చాలా డబ్బు మిగులుతుంది.

ఇక ఎంఆర్‌ఐ.

స్కానింగ్ సెంటరుకి ఫోన్ చేసి, ఏమైనా జాగ్రత్తలున్నాయా అని నోరు తెరిచి అడిగాను. "ఏం లేవు మేడమ్, పొద్దున్నే ఆరింటికి రండి, క్యాష్ తెచ్చుకోండి" అంది ఆ పిల్ల. అయినా ఒంటిమీద లోహం ఏదీ ఉండకూడదని మా అమ్మాయి ముందురోజు గుర్తు చేసింది కాబట్టి సూత్రాలు, నల్లపూసలు దేవుడి దగ్గర పెట్టి, మెడలో పసుపు తాడుకి పసుపు కొమ్ము కట్టుకుని వెళ్ళాను. మెట్టెల మాట అదీ చెప్పలేదు. అది మెట్టెలు పెట్టుకోదు, ఇంక గుర్తెలా వస్తుంది?

లోపల టెక్నీషియన్ కుర్రాడు నా పాదాల వంక చూసి, "ఆంటీ, అవి తీసేయండి" అన్నాడు. అవి! 1997లో సన్నికల్లు మీద కాలు పెట్టించి తొడిగినవి. మధ్యలో ఒకసారి అరిగిపోతే మార్చాం, అది కూడా పక్కవేలికి కొత్తవి తొడిగాకే పాతవి తీశాం. మా అత్తయ్య దగ్గరుండి చేయించింది. ఒట్టి వేళ్ళతో నేను ఒక్క నిమిషం ఉన్నది లేదు.

సరే, తీద్దామని వంగితే రావే. కుడికాలు ఎప్పుడూ కాస్త ఉబ్బే ఉంటుంది, మెట్టె కండలో కూరుకుపోయింది. "కుడికాలికే కదా స్కాను, ఎడమది ఉండనీ" అన్నాను. రెండు కాళ్ళూ లోపలికే వెళ్తాయి, రెండూ తీయాల్సిందే అన్నాడు. నన్ను గది బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇంకొకళ్ళని లోపలికి పిలిచాడు. ఆయా చేతులు కడుక్కునే సబ్బు నీళ్ళు తెచ్చి పోసింది. రాలేదు. పక్క గదిలోంచి స్కానింగ్ జెల్లీ తెచ్చి పూసింది. మెట్టె గిర్రున తిరుగుతుంది గానీ కణుపు దాటదు. వచ్చేపోయేవాళ్ళందరి ముందూ చీర మోకాళ్ళదాకా ఎత్తి, పగుళ్ళ మడమలు బయటపెట్టుకుని, వేళ్ళకి జెల్లీ కారుతూ కూర్చున్నాను. మా అత్తయ్య చూస్తే ఏమనేదో. ఒకాయన, "ఇంకా ఎంతసేపమ్మా, మేం ఐదింటికి వచ్చాం" అన్నాడు. రిసెప్షన్ పిల్ల తల కూడా ఎత్తకుండా, "కట్టర్ పెట్టి కోసేయండి మేడమ్, వెండివేగా, మళ్ళీ కొనుక్కోవచ్చు" అంది.

ఆ మాటకి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపం, సిగ్గు రెండూ కలిసి వచ్చాయి. వెండివేనంట! మా ఆయన కోసం చూస్తే ఆయన లేడు. పెళ్ళాం మెట్టెలు పదిమందిలో లాగుతుంటే నిలబడలేక టీ తాగడానికి వెళ్ళాడు.

అప్పుడు నా బుద్ధి నాకే వెలిగింది. ముప్పై ఏళ్ళకి దగ్గరపడుతోంది నేను దారంతో బతకబట్టి. బ్యాగులో సూదీ దారం ఎప్పుడూ ఉంటాయి. మిషను దారం సన్నం, తెగుతుంది. కాజాలకి వాడే లావు దారం తీసి, ఒక కొస సూది వెనకవైపుతో మెట్టె కిందనుంచి అవతలికి తోశాను. రెండో కొసని మెట్టె ముందునుంచి కణుపు మీదుగా వేలి చివరిదాకా చుట్టు పక్కన చుట్టు, ఎక్కడా కండ కనపడకుండా బిగించి చుట్టాను. వేలు నల్లబడింది. అవతలి కొస పట్టుకుని మెల్లగా విప్పుతుంటే ఒక్కో చుట్టు ఊడినకొద్దీ మెట్టె ఒక్కో దారమంత ముందుకు జరిగింది. కణుపు దగ్గర ప్రాణం పోయింది గానీ దాటింది. రెండో కాలికి సగం సేపే పట్టింది. "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని ఆయా నోరు తెరిచింది. ఇందాక ఐదింటికి వచ్చానన్నాయన కూడా మెడ చాచి చూశాడు. ఆ కుర్రాడు మాత్రం "రండి ఆంటీ" అన్నాడు, అంతే. గడియారం చూస్తే ముప్పావుగంట.

పావుగంట దాటాక స్కాను ముగించుకుని బయటికొస్తే మా ఆయన టీ గ్లాసుతో నిలబడి, "అయిపోయిందా? త్వరగానే చేశారే" అన్నాడు. నేనేమీ మాట్లాడలేదు. తెనాలి దాకా రైల్లో కూడా మాట్లాడలేదు.

తర్వాత ఇది డాక్టరుకి చెప్పాను. అసలు వెండి ఆ ఎంఆర్‌ఐ మిషనులో ఉండే అయస్కాంతానికి అంటుకోదు, కానీ అందులో ఏం కలిపారో ఎవరికి తెలుసు, పైగా పాదం దగ్గర లోహం ఉంటే బొమ్మ చెడుతుంది, వేడెక్కి కాలే ప్రమాదం కూడా ఉంది, తీయించడమే మంచిదన్నాడు. ఒప్పుకుంటాను. నా గొడవ తీయించినందుకు కాదు. రోజూ పదిమంది ఆడవాళ్ళు మెట్టెలతో వచ్చే చోట, ఫోనులో "మెట్టెలు తీసి రండి" అన్న ఒక్క మాట చెప్పడానికి ఏం ఖర్చవుతుంది? ఇంట్లో రాత్రి కొబ్బరినూనె రాసి, కాళ్ళు ఎత్తులో పెట్టుకుని పడుకుంటే పొద్దున్నకి వాటంతట అవే వచ్చేవి. నాకు అధికారం ఉంటే ఆ పిల్లని ఒకరోజు ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెడతాను.

ఇంజక్షను సంగతి. మంచం మీద పడుకోబెట్టారు, బెటాడిన్ పూశారు, ముందు తిమ్మిరికి చిన్న సూది. పక్కన తెరమీద నా చీలమండ బూడిదరంగులో కనిపించింది, అందులోకి తెల్లటి గీతలా సూది రావడం నేనే చూశాను. పది నిమిషాలు. ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, నడిపించి, పంపేశారు. నాలుగు వేల ఎనిమిది వందలు.

షుగరున్నవాళ్ళు మాత్రం ఇది చదవండి. నాకు షుగరుంది. స్టెరాయిడ్ కీలులో వేసినా రక్తంలోకి కొంత వెళ్తుంది, కొన్నాళ్ళు షుగర్ పెరుగుతుందని డాక్టరు ముందే చెప్పి, మూడునెలల షుగర్ పరీక్ష చూశాకే వేశాడు. మామూలుగా పరగడుపున 140 దగ్గరుండేది మూడోరోజు 262 చూపించింది. భయపడి ఫోన్ చేస్తే, నీళ్ళు బాగా తాగండి, 300 దాటితే రండి అన్నారు. వారానికి దిగొచ్చింది. మొదటి రెండు రోజులు నొప్పి కూడా ఎక్కువైంది, అదీ ముందే చెప్పారు. చెప్పడమంటే అదండీ. మూడోరోజు సాయంత్రం నుంచి తగ్గడం మొదలైంది. నొప్పి తగ్గింది కదా అని ఊరుకోవద్దు, ఇప్పుడే కాలికి బలం తెచ్చుకోవాలని ఫిజియో అమ్మాయి రోజూ ఒంటికాలి మీద నిలబడమంది. పళ్ళు తోముకుంటూ నిలబడుతున్నాను.

మా వీధిలో ఒకావిడకి ఆర్‌ఎంపీ మడమ వెనక నరంలో ఇదే మందు రెండుసార్లు గుచ్చాడు. డాక్టరుకి చెబితే మొహం మాడ్చుకున్నాడు. ఆ నరం తెగిపోయే ప్రమాదం ఉందంట. చవక అని అలాంటి చోట గుచ్చించుకోకండి.

ఇన్సూరెన్స్ గురించి అడక్కండి. మా పెద్దాడి కంపెనీ పాలసీలో నేనూ ఉన్నాను. 24 గంటలు ఆసుపత్రిలో ఉండలేదు కాబట్టి రాదన్నారు. మంచం ఎక్కకుండా నయం చేసుకోవడం మన తప్పన్నమాట.

మెట్టెలు ఆరోజునుంచి దారాల డబ్బాలోనే ఉన్నాయి, మళ్ళీ ఎక్కలేదు. రెండు రోజులు వేళ్ళకి పసుపు దారం చుట్టుకుని తిరిగితే అత్తయ్య పోరు పడలేక చివరలు కలవని రకం కొత్తవి కొన్నాం. కావాలంటే విప్పి తీసేయొచ్చు. మా ఆయనే తొడిగాడు, ఎడమకాలిది బిగించబోయి చర్మం నొక్కేశాడు. ఇప్పటికీ మచ్చ ఉంది.

నిన్న ఒక పెళ్ళికూతురి జాకెట్లు ఆరు కుట్టాను, కుడికాలితోనే. సాయంత్రానికి కాస్త నొప్పి వచ్చింది గానీ పాత నొప్పిలో పావు వంతు కూడా లేదు. జాకెట్లు తీసుకోవడానికి వాళ్ళమ్మ వచ్చి, మెట్టెలు కొనడానికి బజారుకి వెళ్తున్నానంది. చివరలు కలవని రకం తీసుకోమన్నాను.