వాండేలియాలో ఎమ్మెల్యే లింకన్

సెయింట్ లూయిస్ నుంచి ఐ-70 మీద తూర్పుగా గంటకు పైగా వెళితే వాండేలియా వస్తుంది. చిన్న ఊరే గానీ, 1839 దాకా ఇలినాయ్ రాజధాని ఇదే. గాలటిన్ వీధిలోని పాత స్టేట్ హౌస్ చూడాలని నాకు ఎన్నాళ్లుగానో కోరిక. ప్రెసిడెంట్ లింకన్ సంగతి అందరికీ తెలిసిందే. నేను వెతుక్కుంటూ వెళ్లింది అంతకుముందు ఎనిమిదేళ్లు ఎమ్మెల్యేగా పనిచేసిన లింకన్‌ని.

1832లో మొదటిసారి నిలబడి ఓడిపోయాడు. 1834లో గెలిచి, అప్పు చేసి మంచి సూటు కుట్టించుకుని ఈ ఊరొచ్చాడు. ఆ తర్వాత వరసగా మరో మూడుసార్లు నెగ్గాడు.

తెల్లరంగు వేసిన ఇటుక భవనం అది. మెట్లెక్కి పైన సభ జరిగిన హాల్లోకి వెళ్లాను. పొడవాటి కిటికీలు, వాటిలోంచి బల్లల మీద పడుతున్న ఎండ. రాజధాని ఎక్కడ చేజారిపోతుందోనని ఊరివాళ్లే పూనుకుని 1836లో హడావుడిగా కట్టించారు దీన్ని. డిసెంబరులో సభ్యులు వచ్చేసరికి గోడల పూత ఇంకా ఆరనే లేదట. అంత తాపత్రయపడినా లాభం లేకపోయింది. శాంగమన్ కౌంటీ నుంచి వచ్చిన తొమ్మిదిమంది ఆజానుబాహులు, అంటే ‘లాంగ్ నైన్’, పట్టుబట్టి 1837 ఫిబ్రవరి 28న రాజధానిని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు తరలించే ఓటు నెగ్గించుకున్నారు. వాళ్లలో లింకన్ ఒకడు. రైళ్లు, కాలువల కోసం తెచ్చిన కోటి డాలర్ల పథకాన్నీ ఆయన బలపరిచాడు. అది రాష్ట్రాన్ని అప్పుల్లో ముంచింది.

నన్ను ఆ హాల్లో కదలనివ్వనిది మాత్రం వేరే విషయం. ఆ జనవరిలోనే బానిసత్వ వ్యతిరేక సంఘాలను తప్పుబడుతూ ఒక తీర్మానం వచ్చింది. సభలో అనుకూలంగా 77 ఓట్లు, వ్యతిరేకంగా ఆరే. ఆ ఆరుగురిలో లింకన్ ఉన్నాడు. మార్చి 3న డాన్ స్టోన్ అనే మరో సభ్యుడితో కలిసి నిరసన పత్రం ఇచ్చాడు. బానిసత్వం అన్యాయమని, చెడ్డ విధానమని అందులో రాశారు. ఉద్యమకారుల ప్రచారం వల్ల ఆ చెడు ఇంకా పెరుగుతుందని కూడా రాశారు. రాజధాని ఓటు అయిపోయాకే ఆ పత్రం బయటికి వచ్చింది. ముందే ఇస్తే ఓట్లు పోతాయని ఆగి ఉంటాడనే నా నమ్మకం. అయినా 28 ఏళ్ల వయసులో, అంతమంది ఎదుట, సంతకం పెట్టాడు కదా! నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది.

మనవాళ్లు ఎక్కువగా స్ప్రింగ్‌ఫీల్డ్ చూసి తిరిగొచ్చేస్తుంటారు. ఇండియానాపోలిస్ వైపు వెళ్లేటప్పుడు ఒక గంట ఇక్కడ ఆగండి, పై హాల్లో కాసేపు కూర్చోండి.