బీపీ బిళ్ళ మొదలుపెట్టడానికి నాకు నాలుగు నెలలు పట్టింది

నేను తెనాలి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పందొమ్మిదేళ్లుగా పిల్లలకు బోర్డు మీద గుండె బొమ్మ వేసి, రక్తపోటు 120/80 ఉండాలని చెబుతున్నదాన్ని. అలాంటి నేను డాక్టరు రాసిచ్చిన బీపీ బిళ్ళ కొనకుండా, ఆ చీటీని నాలుగు నెలలు బీరువాలో చీరల కింద దాచుకున్నాను.

బీపీ బయటపడింది పన్ను వల్ల. ఫిబ్రవరిలో పుచ్చిపన్ను పీకించుకుందామని వెళ్తే, డాక్టరమ్మ ముందు బీపీ చూసింది. 164/102. తగ్గాక రమ్మని పంపేసింది. మర్నాడు ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాను. రక్తపరీక్ష, మూత్రపరీక్ష, ఈసీజీ ఒక్క పూటలో అయిపోయాయి. అన్నీ బాగానే వచ్చాయి, బీపీ మాత్రం అలాగే ఉంది. అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు రోజుకొకటి వేసుకోమని రాశారు. "ఎన్నాళ్లు వాడాలండీ?" అని అడిగాను. "జీవితాంతం" అని, తర్వాతి పేషెంట్ కోసం బెల్ కొట్టారు.

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను. నాకు నలభై నాలుగేళ్లు. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు. మా నాన్న బీపీ బిళ్ళలు వాడుతూనే పక్షవాతంతో మంచాన పడ్డారు. బిళ్ళ అనగానే నాకు ఆ మంచమే కళ్ల ముందు మెదిలేది. అత్తయ్య "ఒకసారి అలవాటైతే ఇక మానలేవమ్మా, కిడ్నీలు పోతాయి" అన్నారు. ఆడపడుచు పరగడుపున వెల్లుల్లి రెబ్బలు నమలమంది. నమిలాను. పొద్దున్నే నడిచాను కూడా. మా ఆయన "మందులు కొన్నావా?" అని అడిగితే కొన్నానని చెప్పాను.

జూన్‌లో బడి తెరిచిన రెండో వారం, పాఠం చెబుతుంటే తల వెనక బరువుగా అనిపించి మళ్లీ అదే ఆసుపత్రికి వెళ్లాను. 178/108. "ట్యాబ్లెట్ రోజూ వేసుకుంటున్నారా?" అని డాక్టరు అడిగారు. "ఆ, వేసుకుంటున్నానండీ" అనేశాను. ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. నోటికి అదే వచ్చింది. ఆయన కాసేపు ఆలోచించి, ఒక్క మందుతో లొంగడం లేదని, దానికి టెల్మిసార్టాన్ కూడా కలిపి రాశారు. అసలు నోట్లో వేసుకోని మందు పనిచేయడం లేదని రెండో మందు. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు.

కింద మందుల కౌంటర్లో కుర్రాడు నా నంబరు కొట్టి చూసి, "మేడమ్, పాతది మీకు ఒక్క బిల్లు కూడా లేదే?" అన్నాడు. బయట కొన్నానన్నాను. "ఏ కంపెనీదండీ? షీటుందా?" అన్నాడు. మాట్లాడలేకపోయాను. తప్పు మందు ఇవ్వకూడదని అడిగాడు పాపం, అతని మీద నాకు కోపం లేదు. చీటీ తీసుకుని పైకి వెళ్లాడు. రెండు నిమిషాల్లో నన్ను పిలిచారు. లోపల ఇంకో పేషెంట్ మంచం మీద పడుకుని ఉన్నాడు, తలుపు బార్లా తీసి ఉంది. "టీచరై ఉండి అబద్ధం చెబుతారా? నా టైమ్ వేస్ట్ చేయడానికి వచ్చారా? స్ట్రోక్ వస్తే అప్పుడు నన్ను అనకండి" అని డాక్టరు గట్టిగా అన్నారు. బయట కుర్చీల్లో పదిహేను మంది ఉన్నారు. అందులో మా ఎనిమిదో తరగతి పిల్లవాడి తల్లి ఉంది. ఆమె నన్ను చూసి తల దించుకుంది. నేను తల దించుకోవడం కన్నా ఆమె దించుకోవడమే నాకు ఎక్కువ కష్టమనిపించింది. చీటీ తీసుకుని బయటికొచ్చి బస్టాండు దాకా నడిచాను. ఆ రోజు కూడా మందు కొనలేదు.

తప్పు నాదే. కానీ ఆ ఆసుపత్రి మీద నా కోపం ఇంకా తగ్గలేదు. ఆ నాలుగు నెలల్లో ఉగాదికి ఫుల్ బాడీ చెకప్ ఆఫర్ అని, ఎండాకాలం ఆఫర్ అని నా ఫోనుకు ఎన్ని మెసేజ్‌లు పంపారో లెక్కలేదు. "మందు మొదలుపెట్టారా అమ్మా?" అని మాత్రం ఒక్కరూ అడగలేదు. మనిషిని అవమానిస్తే మందు వేసుకుంటాడనుకోవడం పొరపాటు. ఇంకా దూరం పారిపోతాడు. పిల్లల విషయంలో నేను ఏనాడూ అలా చేయలేదు, హోంవర్కు చేయనివాణ్ని పక్కకు పిలిచే అడుగుతాను.

నాకు దారి దొరికింది మా బడి ఉన్న ఊళ్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో. మధ్యాహ్నం జనం లేని వేళ వెళ్లాను. అక్కడి నర్సమ్మ ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోమంది, వీపు కుర్చీకి ఆనించి, చెయ్యి బల్ల మీద పెట్టించి రెండుసార్లు చూసింది. అంతకుముందు ఎక్కడా అలా చూడలేదు, మెట్లెక్కి వెళ్లగానే పట్టీ చుట్టేవారు. బీపీ ఎక్కువే వచ్చింది. "ఎందుకు భయమేసిందమ్మా?" అని అడిగింది. నాన్న సంగతి చెప్పాను. "నాన్నగారు రోజూ వేసుకునేవారా?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. నాన్న తల తిరిగిన రోజునే బిళ్ళ వేసుకునేవారు. బాగున్న రోజు షీటు అటక మీద ఉండేది. ఇరవై ఏళ్లు నేను ఆ బిళ్ళనే తప్పుపట్టాను. అక్కడే ఏడ్చేశాను. ఆమె నీళ్లిచ్చి, బీపీని పట్టించుకోకపోతే కిడ్నీలు పాడవుతాయని, బీపీకి చాలాసార్లు ఏ లక్షణమూ ఉండదని చెప్పింది. డాక్టరు గారు చూసి, ముందు అమ్లోడిపిన్ ఒక్కటే మొదలుపెట్టమన్నారు. బిళ్ళలు అక్కడే ఉచితంగా ఇచ్చారు. ఆ రాత్రి మా ఆయనకు అంతా చెప్పి, ఆయన ముందే మొదటి బిళ్ళ వేసుకున్నాను.

రెండు వారాలు దాటాక 142/90, పోయిన వారం 132/84. చీలమండల దగ్గర కాస్త వాపు వచ్చింది. ఈ మందుతో కొందరికి అలా వస్తుందట. సొంతంగా మానేయకుండా వెళ్లి చూపిస్తున్నాను. ఆవకాయ వారానికొకసారికి దించాను, అప్పడాలు మానేశాను. ఇంటికి బీపీ మిషన్ కొన్నాను, దాన్ని బడికి తీసుకెళ్లి స్టాఫ్‌రూములో అందరికీ చూశాను. ఇద్దరికి ఎక్కువుంది. ఒక మాస్టారు నన్ను వరండాలోకి పిలిచి, తన దగ్గర ఏడాది పాత చీటీ ఉందని చెప్పారు. నేను ఆయన్ని ఏమీ అనలేదు, నర్సమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

మీరూ మందు మొదలుపెట్టకపోతే డాక్టరుకు ఆ మాటే చెప్పండి. తిడితే తిట్టనివ్వండి. వేసుకున్నానని చెబితే మాత్రం మీకు అక్కర్లేని మందు కలుస్తుంది. ఖర్చే అడ్డమైతే ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి, జన ఔషధి షాపులో కూడా చాలా చవక.

సోమవారం మళ్లీ వెళ్లాలి. నర్సమ్మ ఖాళీ షీట్లు తెమ్మంది. నాలుగూ రబ్బరు బ్యాండు వేసి సంచిలో పెట్టుకున్నాను.