నూలు దిగుమతులపై యాంటీ డంపింగ్ దరఖాస్తు: నా అనుభవం

2005 జనవరి 1తో జౌళి కోటాలు, అంటే ఏ దేశం నుంచి ఎంత జౌళి దిగుమతి కావచ్చో చెప్పే పరిమితులు, పూర్తిగా పోయాయి. చవక దిగుమతులు మీద పడితే మిల్లులకు మిగిలింది ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందాల్లో ఉన్న దారులే. అందులో ఒకటి యాంటీ డంపింగ్ సుంకం: సొంత మార్కెట్లో అమ్మే ధర కంటే తక్కువకు ఎగుమతి చేస్తే (అదే డంపింగ్) ఆ దిగుమతిపై వేసే అదనపు సుంకం. స్పిన్నింగ్ మిల్లుల తరఫున ఆ దరఖాస్తు తయారుచేస్తూ నేర్చుకున్నవి రాస్తున్నాను.

మొదట సరుకేదో తేల్చుకోవాలి. చాలా దరఖాస్తులు ఇక్కడే బలహీనపడతాయి. ‘కాటన్ నూలు’ అని రాస్తే చాలదు. బరువులో 85 శాతమో, అంతకు మించో పత్తి ఉన్న నూలు, కస్టమ్స్ వాడే అంతర్జాతీయ సరుకుల కోడ్ హెచ్‌ఎస్ 5205 కిందికి వస్తుంది. అందులో కోంబ్డ్ సింగిల్ నూలు (దువ్వి పొట్టి పీచు తీసేసిన ఒంటి పోగు నూలు) 30 కౌంటుదైతే (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం) 5205.23లో, 32 కౌంటుదైతే 5205.24లో పడుతుంది. రెండింటికీ మధ్య హద్దు 192.31 డెసిటెక్స్ (పది కిలోమీటర్ల నూలు బరువు, గ్రాముల్లో). 5905ను కౌంటుతో భాగిస్తే డెసిటెక్స్ వస్తుంది: 30కి సుమారు 197, 32కి 184.5. మేం మొదటి చిత్తులో 24తో ముగిసే కోడ్ ఒక్కటే పెట్టాం. 30 కౌంటు దిగుమతి మొత్తం లెక్కలోంచి జారిపోయింది.

తర్వాత దరఖాస్తును సమర్థిస్తూ మిల్లులిచ్చే మద్దతు లేఖలు. మద్దతిచ్చే మిల్లుల ఉత్పత్తి దేశం మొత్తం ఉత్పత్తిలో 25 శాతానికి తగ్గకూడదు, వ్యతిరేకించే మిల్లుల ఉత్పత్తి కంటే ఎక్కువ ఉండాలి. లేఖలో టన్నులు రాయించండి. అదే నూలు దిగుమతి చేసుకునే మిల్లు లేఖ ఉంటే ముందే విడిగా పెట్టండి, దాన్ని లెక్కలోంచి తీసేసే అవకాశం ఉంది.

నష్టం చూపడానికి కనీసం మూడేళ్ల లెక్కలు, డంపింగ్ చూపడానికి మామూలుగా 12 నెలలవి కావాలి. కౌంటు వారీగా ఖర్చు విడదీయడమే అసలు కష్టం. కరెంటు, జీతాలు, తరుగుదల కిలోల లెక్కన పంచితే సన్న నూలు ఖర్చు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. ఒక షిఫ్టులో కదురుకు వచ్చే 40 కౌంటు నూలు, 20 కౌంటులో సగం కూడా ఉండదు. అందుకే కదురు గంటల లెక్కన పంచాలి.

ధరల పోలిక ఫ్యాక్టరీ గడప దగ్గర జరగాలి. ఉదాహరణకు దిగుమతి ధర 100 అనుకోండి. ఓడ కిరాయి, బీమా, కమిషన్, వాళ్ల దేశంలో రవాణా కలిపి 8 తీసేస్తే 92. అదే కౌంటు అక్కడి సొంత మార్కెట్లో, ఫ్యాక్టరీ దగ్గర 103.5కు అమ్ముడవుతుంటే తేడా 11.5. దాన్ని 92తో భాగిస్తే డంపింగ్ మార్జిన్ 12.5 శాతం. 2 శాతం లోపైతే కేసు నిలవదు. ఒక దేశం వాటా మొత్తం దిగుమతుల్లో 3 శాతానికి తక్కువైనా మామూలుగా అంతే. అలాంటి చిన్న దేశాలన్నీ కలిసి 7 శాతం దాటితేనే విచారణ సాగుతుంది.

ఎదుటి లాయర్లు పట్టుకునేది కారణం. పత్తి ధర పెరగడం, కరెంటు కోతలు, మన ఎగుమతులు పడిపోవడం వల్ల వచ్చిన నష్టాన్ని దిగుమతుల ఖాతాలో వేయకూడదు. వాటిని దాచవద్దు. నెలవారీగా విడదీసి మనమే ముందు రాస్తే మిగతా వాదన నిలబడుతుంది.

ప్రతి పత్రానికీ రెండు ప్రతులు ఉండాలి: అధికారులకు రహస్య ప్రతి, అందరూ చూసేందుకు బహిరంగ ప్రతి. బహిరంగ ప్రతిలో అంకెల చోటు ఖాళీ వదలకండి, మొదటి ఏడాదిని 100గా తీసుకుని సూచీలివ్వండి. సారాంశం లేని రహస్య సమాచారాన్ని అధికారులు పక్కన పెట్టేయవచ్చు.

విచారణ మొదలైన 60 రోజుల దాకా తాత్కాలిక సుంకం రాదు. విచారణ ఏడాదిలో, ఎంత ఆలస్యమైనా 18 నెలల్లో ముగియాలి. వేసిన సుంకం, సమీక్షలో పొడిగించకపోతే, ఐదేళ్లకు పోతుంది. సుంకం వచ్చేదాకా తట్టుకునే నగదు ఉందో లేదో చిన్న మిల్లులు ముందే చూసుకోవాలి.

నూలే ముడిసరుకైన నేత యూనిట్లు ఈ సుంకాన్ని వ్యతిరేకిస్తాయి. వాళ్ల భయం నిజమైనదే: నూలును ఆపితే అదే సరుకు బట్టగా దిగుతుంది. అందుకే 5208 నుంచి 5212 దాకా నేసిన బట్ట దిగుమతుల్ని కూడా నెలనెలా రాసి పెడుతున్నాం.