ఫోల్డర్ల మకాం మార్చాను

పోయిన శనివారం కొత్త కంప్యూటర్ ఇంటికి వచ్చింది. అందులో ఒక్క ఫైలు కూడా దాచకముందే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను విండోస్ ఉండే సి డ్రైవ్ నుంచి డి డ్రైవ్‌కు మార్చేశాను. ఇంత తొందర ఎందుకో చెప్పాలి.

నాలుగేళ్ల కిందట పాత కంప్యూటర్ ఒక ఉదయం తెరుచుకోలేదు. బాగుచేసే అతను "సి డ్రైవ్ ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ ఎక్కించాలి. అందులో మీకు కావలసినవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగాడు. లేవన్నాను. ఫొటోలన్నీ డి లోనే పెట్టుకుంటానన్న ధీమా నాది. సాయంత్రానికి కంప్యూటర్ చక్కగా పనిచేస్తోంది. డెస్క్‌టాప్ మాత్రం ఖాళీ. నాన్న తన చిన్నప్పటి సంగతులు చెబుతుంటే నేను రికార్డు చేసుకున్న నలభై నిమిషాల ఆడియో అక్కడే, తెర మీద కుడి మూలన ఉండేది. రోజూ కళ్లెదుట ఉండాలని అక్కడ పెట్టుకున్నాను.

డెస్క్‌టాప్ అంటే తెర అనుకుంటాం. నిజానికి అదీ ఒక ఫోల్డరే. సి డ్రైవ్‌లో యూజర్స్ అనే ఫోల్డర్ ఉంటుంది, దాని లోపల మన పేరుతో ఇంకొకటి, అందులో డెస్క్‌టాప్. డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, మ్యూజిక్, వీడియోస్ కూడా మామూలుగా అక్కడే ఉంటాయి. విండోస్ ఉన్న విభాగాన్ని చెరిపేస్తే వాటితో సహా పోతాయి. ఈ సంగతి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. అందుకే ఇప్పుడు కనిపించినవాళ్లందరికీ చెబుతున్నాను.

ఫైళ్లను కాపీ చేసి డి లో పెట్టుకుంటే చాలదా అని అడుగుతారు. చాలదు. ప్రోగ్రాములు కొత్త ఫైళ్లను మళ్లీ పాత చోటనే దాస్తాయి, నెల తిరిగేసరికి సగం ఇక్కడ, సగం అక్కడ అవుతుంది. ఫోల్డర్ చిరునామానే మార్చాలి. డి డ్రైవ్‌లో ముందుగా ఒక కొత్త ఫోల్డర్ తయారుచేసుకోండి. ఆ తర్వాత డాక్యుమెంట్స్ మీద కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్ తెరిస్తే లొకేషన్ అనే ట్యాబ్ ఉంటుంది. అందులో మూవ్ నొక్కి, ఆ కొత్త ఫోల్డర్‌ను చూపించి అప్లై చేయాలి. పాత ఫైళ్లను కూడా అక్కడికి తరలించమంటారా అని అడుగుతుంది, అవునని చెప్పాలి. మైక్రోసాఫ్ట్ వారి ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్ ఈ ఫోల్డర్లను బ్యాకప్ చేస్తూ ఉంటే ముందు దాన్ని ఆపండి, లేకపోతే రెండూ పేచీ పడతాయి.

కొత్త ఫోల్డర్ అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. మా తమ్ముడు నేరుగా డి డ్రైవ్‌నే చూపించాడు. దాంతో డ్రైవ్ మొత్తం డాక్యుమెంట్స్ అయిపోయింది. వెనక్కి మార్చబోతే డి లో ఉన్నదంతా సి లోకి తరలించమంటావా అని అడిగింది. చివరికి విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీ తెరిచి, యూజర్ షెల్ ఫోల్డర్స్ అన్న చోట చిరునామాను చేత్తో సరిచేశాం. అక్కడ డాక్యుమెంట్స్ ఆ పేరుతో ఉండదు, ‘పర్సనల్’ అని ఉంటుంది. అది కనిపెట్టడానికే మాకు గంట పట్టింది. ఒక్కో ఫోల్డర్‌కు వేరువేరు చోటు చూపించాలి, రెండింటికీ ఒకే చోటు చూపిస్తే కలిసిపోతాయి. యాప్‌డేటా అనే ఫోల్డర్‌ను మాత్రం కదిలించవద్దు, అది ప్రోగ్రాముల సొంత సామాను.

మార్చాక ఒక చిన్న ఫైలు రాసి, ఎక్కడ దాచాలో చెప్పకుండా సేవ్ చేశాను. డి లో కనిపించింది. ఇకపై విండోస్ మళ్లీ ఎక్కించవలసి వచ్చినా డి జోలికి పోకుండా సి ని మాత్రమే ఫార్మాట్ చేస్తే నా ఫైళ్లు ఉంటాయి. కొత్త విండోస్‌లో లొకేషన్ మరోసారి చూపిస్తే చాలు. ఆ ఫోల్డర్ తెరిచేటప్పుడు అనుమతి లేదని మొరాయిస్తే కంటిన్యూ నొక్కాలి.

అయితే నా కంప్యూటర్‌లో సి, డి రెండూ ఒకే డిస్కు మీద గీసిన రెండు గదులు. డిస్కే పాడైతే రెండూ పోతాయి. అందుకని ఆదివారం ఒక బయటి డిస్కు తగిలించి మొత్తం కాపీ చేశాను. ఆ ఆడియోలో మొదటి ఆరు నిమిషాలు ఎప్పుడో అక్కకు పంపి ఉన్నాను, అది ఆమె ఫోనులో దొరికింది. బయటి డిస్కులోంచే దాన్ని తెరిచి, చివరిదాకా విని, అప్పుడు కేబుల్ తీశాను.